కాటుక, కెమెరా, పాత డోర్‌మ్యాట్: మూడేళ్ల వాడకం తర్వాత

మా కుక్క పేరు కాటుక. పేరుకు తగ్గట్టే తోక చివర నాలుగు తెల్ల వెంట్రుకలు తప్ప ఒళ్లంతా నలుపే. మూడేళ్ల క్రితం దాకా ఏ ఫొటోలో చూసినా అదొక నల్ల మరక, అందులో రెండు మెరిసే చుక్కలు. ఒక్క మంచి ఫొటో కోసం అప్పట్లో మూడు వస్తువులు కొన్నాను: ఒక క్లిక్కర్ (కుక్కకి పనులు నేర్పేటప్పుడు నొక్కితే టక్‌మనే చిన్న వస్తువు), నొక్కితే కీచుమనే రబ్బరు బొమ్మ, ఫోనుకు తగిలించి బిస్కెట్ ముక్క పెట్టుకునే క్లిప్పు. నాలుగోది ఇంట్లోనే పడున్న పాత డోర్‌మ్యాట్. ఎక్కువ ఆశ కీచు బొమ్మ మీద పెట్టుకున్నాను. ఇవాళ్టికీ రోజూ వాడుతున్నది మాత్రం డోర్‌మ్యాట్టే, అదీ ఒక ముక్క.

క్లిప్పు గురించి రెండు మాటలు చాలు. కుక్క చూపు లెన్స్ వైపు తిరుగుతుందన్న మాట నిజమే, కానీ ఆ చూపంతా బిస్కెట్ మీదే. కళ్లు రెండూ ముక్కు దగ్గరికి వచ్చేసి, నోట్లోంచి చొంగ కారుతూ ఉంటుంది. అంత దగ్గర నుంచి ఫోనుతో తీస్తే ముక్కు గుమ్మడికాయంత, చెవులు చింతాకంత వస్తాయి. నెల తిరక్కుండా సొరుగులో పడేశాను.

కీచు బొమ్మ మొదటి రోజు అద్భుతం. నొక్కగానే చెవులు నిక్కబొడుచుకుని తల పక్కకి వంచేది. మూడోసారికి చెవులు మాత్రమే లేచాయి. ఆరోసారికి నా వైపు చూడటం కూడా మానేసి కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. మర్నాడు ఇంకో తలనొప్పి: ఆ చప్పుడు ఎక్కడిదో కనిపెట్టేసి, బొమ్మ లాక్కోవడానికి నేరుగా కెమెరా మీదికే దూకింది. కొత్తదనం పోతే చప్పుడు పనిచేయదు, అంతే. ఇప్పుడు ఒక సెషన్‌కి రెండుసార్లు మించి నొక్కను, అదీ వెలుతురు, ఫోకస్, కూర్చున్న తీరు అన్నీ కుదిరాకే. మిగతా సమయంలో నా నోరే బొమ్మ. పిల్లిలా, బాతులా, కిర్రుమనే తలుపులా అన్ని రకాలుగా అరుస్తాను. చుట్టూ ఎవరైనా ఉంటే సిగ్గేసేది. కుక్కల ఫొటోలకు పేరుపడ్డ ఎలియట్ ఎర్విట్ కూడా కుక్కల ముందు మొరిగేవాడని తెలిశాక ఆ సిగ్గు పోయింది.

బొమ్మ రంగు కూడా చూసి కొనండి. నేను ఎర్రది కొన్నాను, మనకి బాగా కనిపిస్తుంది కదా అని. కుక్క కంట్లో రంగులు పట్టే కణాలు రెండే రకాలు. నీలం, పసుపు దానికి తేడాగా తెలుస్తాయి, ఎరుపు ఆకుపచ్చ మాత్రం ఇంచుమించు ఒకేలా మాసిన రంగులా కనిపిస్తాయి. పచ్చగడ్డి మీద ఎర్ర బొమ్మ ఊపుతూ "ఇటు చూడవే" అని నేను మొత్తుకున్న రోజులున్నాయి. రెండోసారి నీలం రంగుది కొన్నాను.

ఇక క్లిక్కర్. మొదటి రెండు రోజులు ఏమీ అడగకుండా టక్‌మనిపించడం, ఉడికించిన చికెన్ గోరంత ముక్క పెట్టడం, పూటకు పదిసార్లు. మూడో రోజు నిద్రపోతున్నది కూడా ఆ చప్పుడికి తలెత్తి చూసింది. అంటే అర్థమైపోయినట్టే. ఆ తర్వాత కూర్చోవడం, పడుకోవడం, గడ్డం ముందు కాళ్ల మీద ఆనించడం చకచకా వచ్చేశాయి. గడ్డం ఆనించడం నేను నేర్పింది కాదు. అదంతట అది చేసిన క్షణంలో టక్‌మనిపించాను, నాలుగు రోజుల్లో పేరు పెట్టి పిలిస్తే చేసే పనైంది. సరిగ్గా ఏ పనికి మెచ్చుకున్నామో కుక్కకి తెలియడానికి ఇంతకన్నా కచ్చితమైన వస్తువు నేను చూడలేదు. చప్పుడికి బెదిరే కుక్కయితే మొదట్లో జేబులో పెట్టి నొక్కండి.

అసలు దెబ్బ కెమెరా తీసిన రోజు తగిలింది. కూర్చోమంటే కూర్చుంది. ఆగమంటే ఆగింది. షటర్ నొక్కాను, లేచి నా దగ్గరికి వచ్చేసింది. మళ్లీ కూర్చోబెట్టాను, మళ్లీ అంతే. నలభై ఫొటోలు తీస్తే నలభైలోనూ వెనక కాళ్లు గాల్లో, తోక ఊపు, మొహం మసక. రెండు రోజులు దాని మీద విసుక్కున్నాను కూడా, పాపం. మూడో రోజు ఖాళీగా కూర్చుని కెమెరా నొక్కుతుంటే పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చి చేయి వాసన చూసింది. అప్పుడు వెలిగింది. నా పాత డీఎస్ఎల్ఆర్ కెమెరాలో, షటర్ నొక్కగానే లోపలి అద్దం ఎగిరే చప్పుడు అచ్చం క్లిక్కర్‌లా ఉంది! క్లిక్ అంటే పని అయిపోయింది, ముక్క తీసుకో అని నేర్పింది నేనే. నేర్పినట్టే చేసింది.

అందుకే క్లిక్కర్‌ని షూట్‌కి తీసుకెళ్లను. అది ఇంట్లో నేర్పడానికి వాడే వస్తువు. షూట్‌లో కెమెరా నిశ్శబ్ద మోడ్‌లో ఉంటుంది, మెచ్చుకోవడానికి "భేష్" అన్న మాట ఉంటుంది. ముక్క కోసం అది నా దగ్గరికి రాకూడదు, నేనే వెళ్లి అది ఉన్న చోట నోటికి అందిస్తాను. ఈ ఒక్క మార్పుతో లేచి రావడం సగానికి సగం తగ్గింది.

డోర్‌మ్యాట్ కథ నింపాదిగా చెప్పాలి. మొదట మ్యాట్ మీద నాలుగు కాళ్లూ పెడితే ముక్క. తర్వాత దాని మీద పడుకుంటే ముక్క. ఆ తర్వాత రెండు సెకన్లు, అయిదు, పది, అలా నిమిషం దాకా. సమయం, నేను నిలబడే దూరం, చుట్టూ గోల, ఈ మూడింట్లో ఒకసారికి ఒక్కటే పెంచాలి. ఇంట్లో నిమిషం కూర్చుందన్న ధీమాతో నేరుగా పిల్లలు ఆడుకునే మైదానానికి తీసుకెళ్లి ఇరవై అడుగులు వెనక్కి జరిగాను. అది బంతి వెంట, నేను దాని వెంట. మళ్లీ మూడు సెకన్ల దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.

బాగా స్థిరపడ్డాక కత్తెర తీశాను. వారానికోసారి మ్యాట్‌ని సగానికి కత్తిరిస్తూ పోయాను. మొదటిసారి కత్తిరించినప్పుడు కాటుక దాని చుట్టూ తిరిగి, మిగతా సగం ఏదన్నట్టు నా మొహం చూసింది. తర్వాత సర్దుకుని కూర్చుంది. చివరికి అరచేయంత ముక్క మిగిలింది. అది పొట్ట కింద దాగిపోతుంది, ఫొటోలో కనపడదు. రాయి మీదైనా, మెట్ల మీదైనా, గడ్డిలోనైనా ఆ ముక్క ఎక్కడ వేస్తే కాటుక అక్కడ. అంచులు పీచు లేచిపోయాయి, అయినా పని ఆగలేదు. క్లిక్కర్ మాత్రం రెండోది నడుస్తోంది. మొదటిదాని లోపలి రేకు తుప్పుపట్టింది.

ఇవేవీ ఆదుకోని సంఘటన ఒకటి. ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర షూట్ పెట్టుకున్నాం. ఆయన వచ్చీ రాగానే కాటుక మొహం ముందే లైటు గొడుగు ఫట్‌మని తెరిచాడు. అది సోఫా కిందికి దూరింది, ముక్కు ముందు చికెన్ పెట్టినా ఆ రోజంతా బయటికి రాలేదు. తర్వాత ఇంట్లో మామూలు గొడుగుతో తొమ్మిది రోజులు పట్టింది: మూసిన గొడుగు నేల మీద పెట్టి దాని పక్కన ముక్కలు, తర్వాత రెండంగుళాలు తెరిచి, తర్వాత ఇంకో రెండు. గొడుగు చూసి ఆవులించినా, ఊరికే మూతి నాక్కున్నా, కళ్ల తెల్లభాగం కనిపించేలా ఓరగా చూసినా ఆ పూటకి ఆపేశాను. ఇవి భయం గుర్తులు. నిద్ర వస్తోందని పొరబడేవాళ్లం మేము.

షూట్ ముందు పనులంటారా, స్నానం రెండు రోజుల ముందే. అదే రోజు చేయిస్తే బొచ్చు దూదిలా లేచి ఉంటుంది. తిండి కొంచెం తక్కువగా పెట్టి, ఇరవై నిమిషాలు నడిపించి, వగర్పు తగ్గేదాకా ఆగుతాను. పావుగంట మించి ఎప్పుడూ తీయను. నల్ల కుక్కకి ఫ్లాష్ వద్దు, కంటిలోపలి మెరిసే పొర వల్ల కళ్లు ఆకుపచ్చగా వెలుగుతాయి. కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫ్రేమంతా నలుపే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (ఫొటో ఎంత వెలుతురుగా రావాలో చెప్పే సెట్టింగు) కాస్త మైనస్‌లో పెడతాను. పొడుగు ముక్కు ఉన్న కుక్కకి లెన్స్ రంధ్రం బాగా తెరిచి (ఎఫ్/1.8) కళ్ల మీద ఫోకస్ చేస్తే ముక్కు మసకబారుతుంది, కాస్త మూసిన ఎఫ్/4 నయం.

డోర్‌మ్యాట్ పద్ధతిలో లోపం ఒకటుంది. మొన్న పార్కులో నా జేబులోంచి చేతిరుమాలు జారిపడింది. వంగి తీసుకునేలోపే కాటుక దాని మీద కూర్చుంది. వీపు నిటారుగా, మూతి కొంచెం పైకెత్తి, సాయంత్రం వెలుతురు సరిగ్గా కళ్లలో పడేలా. చేతిలో కెమెరా లేదు, ఫోను ఇంట్లో ఉంది. అది కదలకుండా నా జేబు వైపే చూస్తోంది. జేబంతా వెతికితే ఎండిపోయిన బిస్కెట్ ముక్క ఒకటి దొరికింది. "భేష్" అని ఇచ్చేశాను.