పసుపు మాత్రలా, డోసిటాక్సెలా: నోటి క్యాన్సర్‌కు 'కరెంటు' పెట్టేటప్పుడు ఏది మేలు?

హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు హొసూరు రోడ్డు దగ్గర గది అద్దెకు తీసుకున్న మా పెదనాన్న సంచిలో, రేడియేషన్ సిట్టింగుల కార్డు పక్కనే పసుపు క్యాప్సూళ్ల సీసా కనిపించింది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నందున, రేడియేషన్‌తో పాటు మామూలుగా ఇచ్చే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఆయనకు పనికిరాదని, దాని బదులు వారానికొకసారి డోసిటాక్సెల్ అనే మరో కీమో మందు ఎక్కిస్తామని డాక్టరు చెప్పారు. "అదీ చెట్టు మందే, ఇదీ చెట్టు మందే గదా, ఏది వాడితే ఏమి?" అని మా బావ అడిగాడు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేము, ఎందుకంటే డోసిటాక్సెల్ నిజంగానే ఐరోపాలో పెరిగే యూ చెట్టు ఆకుల్లోని పదార్థం నుంచి తయారవుతుంది.

రెండూ క్యాన్సర్ కణాన్ని రేడియేషన్‌కు లొంగదీసేవే, కాని దారులు వేరు. డోసిటాక్సెల్ కణం రెండుగా చీలబోయే దశలో దాన్ని పట్టి ఆపుతుంది. రేడియేషన్ దెబ్బ కణానికి గట్టిగా తగిలేది ఆ దశలోనే. పసుపులోని కర్కుమిన్, దెబ్బ తిన్న కణం బతికి బట్టకట్టడానికి వాడుకునే ఎన్ఎఫ్-కప్పా-బి వంటి ప్రోటీన్లను అణచివేస్తుంది. ప్రయోగశాలలో పెంచిన నోటి క్యాన్సర్ కణాల మీద ఇది బాగానే పనిచేసింది.

చిక్కంతా ఆ గాజు పళ్లెం దాటి మనిషి ఒంట్లోకి వచ్చాకే. రోజుకు 8 గ్రాముల కర్కుమిన్ మింగినవారి రక్తంలో కూడా అది 2 మైక్రోమోలార్లకు (రక్తంలో మందు గాఢతకు కొలత) మించలేదు. ప్రయోగాల్లో కణాలకు సాధారణంగా అందించేది అంతకు ఎన్నో రెట్లు. వంటింటి పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే కాబట్టి, ఆ 8 గ్రాముల కోసం రోజూ పావు కిలోకు పైగా పసుపు తినవలసి వస్తుంది.

ఈ లోటు తీర్చే ఉపాయం దొరికింది కూడా ఈ బెంగళూరులోనే. 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల సారం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరే కర్కుమిన్ 20 రెట్లు పెరిగిందని సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపారు. అయితే పైపరిన్ కాలేయంలో మందులను విరగ్గొట్టే సివైపి3ఏ4 అనే ఎంజైమును కూడా అడ్డగిస్తుంది, డోసిటాక్సెల్‌ను విరగ్గొట్టేది సరిగ్గా ఆ ఎంజైమే. అందువల్ల రెండూ కలిస్తే డోసిటాక్సెల్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి విషమించే ప్రమాదం ఉంటుంది. చారులో వేసే నాలుగు మిరియాల సంగతి కాదు నేను చెప్పేది. (మూడో వారానికి నోరు పూసి, ఆ చారు ఎలాగూ గొంతు దిగదు.)

గ్రీన్ టీ సారం, అశ్వగంధలోని విథాఫెరిన్-ఏ గురించీ ఇలాంటి ప్రయోగాలే ఉన్నాయి. అవి ఎక్కువగా కణాలు, ఎలుకల మీద చేసినవే గనుక వాటిని ఈ పోటీలోకి తీసుకురావడం లేదు.

డోసిటాక్సెల్‌ను మాత్రం మనుషుల్లోనే తూచి చూశారు. సిస్‌ప్లాటిన్ తట్టుకోలేని 356 మంది తల, మెడ క్యాన్సర్ రోగులపై ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి చేసిన పరీక్షలో, రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవారు రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో 41.7 శాతం కాగా, దానికి డోసిటాక్సెల్ తోడైనవారిలో 50.8 శాతం. ఇందుకు చెల్లించే మూల్యం చిన్నదేమీ కాదు: నోటి పొర తీవ్రంగా పుండయినవారు 22.2 శాతం నుంచి 49.7 శాతానికి పెరిగారు. అన్నం మానేసి జావతో, ఒక్కోసారి ముక్కు గొట్టంతో నెట్టుకురావలసిన రోజులివి. అయినా నా మొగ్గు దీని వైపే, ఎందుకంటే ఇందులో లాభమూ నష్టమూ రెండూ లెక్కకు వచ్చాయి. పసుపు మాత్రల్లో రెండూ లెక్కకు రాలేదు.

పెదనాన్న సీసాను డాక్టరు బల్ల మీద పెట్టాము. ఆయన లేబుల్ కింది చిన్న అక్షరాల్లో 'పైపరిన్' అన్న మాట వేలితో చూపించి, చివరి సిట్టింగు దాటి తాను చెప్పేదాకా ఆ మూత తీయవద్దన్నారు.