జాగ్రత్త: యాక్టివ్ డైరెక్టరీ అని చెప్పి పాతకాలపు డొమైన్ అంటగట్టారు, పాస్‌వర్డ్ కూడా ఇవ్వలేదు

విజయవాడలో చిన్న ఆఫీసులకు సర్వర్లు పెట్టే ఒక పార్టీ ఉంది. పేరు రాయను. ఆడిటర్ ఆఫీసులు, నర్సింగ్ హోములు నడిపేవాళ్లలో చాలామందికి వాళ్ల కొటేషన్ వచ్చే ఉంటుంది. 'ఫైల్ సర్వర్, యాక్టివ్ డైరెక్టరీ, బ్యాకప్, అన్నీ ఒకే బాక్సులో' అని ఉంటుంది చూడండి, అదే. ఆ కాగితం మీ టేబుల్ మీద ఉంటే, దయచేసి సంతకం పెట్టే ముందు ఇది చదవండి.

మాది ఆడిట్ ఆఫీసు. అన్నయ్య ఆడిటర్, ఆఫీసు వ్యవహారాలు నేను చూస్తాను. ట్యాలీ డేటా, క్లయింట్ల ఫైళ్లు అన్నీ ఒకచోట ఉండాలి, ఎవరి లాగిన్ వాళ్లకు ఉండాలి, మానేసి వెళ్లిపోయినవాళ్ల లాగిన్ ఒక్కచోట ఆపితే అన్ని సిస్టమ్స్‌లోనూ ఆగిపోవాలి. మేం అడిగింది ఇంతే. ఇలా అందరి లాగిన్లూ ఒకచోట నుంచి చూసుకునే సర్వర్‌నే డొమైన్ కంట్రోలర్ అంటారని వాళ్లే చెప్పారు. దాని కింద ఉండే సిస్టమ్స్, లాగిన్లు అన్నీ కలిపి డొమైన్. అందులో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇప్పటి పద్ధతి యాక్టివ్ డైరెక్టరీ. 2024 చివర్లో సర్వర్ తెచ్చి పెట్టారు. బిల్లులో 'యాక్టివ్ డైరెక్టరీ సర్వర్ లైసెన్స్' అని ఒక లైను, 'యూజర్ లైసెన్సులు' అని ఇంకో లైను, వాటి మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం కట్టేశాం.

మొదటి నుంచీ పొద్దున్న లాగిన్ అవ్వడానికి చాలాసేపు పట్టేది. మా సీనియర్ అసిస్టెంట్ డెస్క్‌టాప్ నిండా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఉంటాయి. ఆమె సిస్టమ్ ఆన్ చేసి, కాఫీ తాగి వచ్చినా 'వెల్‌కమ్' అని తిరుగుతూనే ఉండేది. అడిగితే "సర్వర్ సెక్యూరిటీ చెక్ చేస్తుంది మేడమ్, అలాగే ఉంటుంది" అన్నారు. అది పచ్చి అబద్ధమని ఇప్పుడు తెలిసింది. ఆ సంగతి కింద రాస్తాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా, పాత సిస్టమ్స్ కొన్ని తీసేసి విండోస్ 11 ప్రో ఉన్నవి కొన్నాం. అవి డొమైన్‌లో చేరలేదు. డొమైన్ పేరు కొడితే యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్ దొరకడం లేదని ఎర్రర్. పోనీ ఫోల్డర్లయినా తెరుద్దామంటే, ఈ షేర్‌కి ఎస్ఎంబీ1 అనే కాలం చెల్లిన ప్రోటోకాల్ (ఫైళ్లు పంచుకోవడానికి సిస్టమ్స్ మాట్లాడుకునే పద్ధతి) కావాలి, అది సురక్షితం కాదు, కనెక్ట్ చేయలేం అని విండోసే చెప్పింది. నెలలో 20వ తేదీ దగ్గరపడుతోంది. క్లయింట్ల జీఎస్టీఆర్ 3బీలు సగం పెండింగ్‌లో ఉన్నాయి. ఆఫీసంతా ఒకటే టెన్షన్.

వాళ్ల ఇంజనీరు వచ్చాడు. చూసీ చూడగానే, మీరు బయట కొన్న సిస్టమ్స్‌లో విండోస్ ఒరిజినల్ కాదేమో అన్నాడు. బిల్లులు తెచ్చి చూపించాను. అప్పుడు సర్వర్ ముందు కూర్చుని, మానిటర్‌ని తనవైపు తిప్పుకుని పాస్‌వర్డ్ కొట్టడం మొదలుపెట్టాడు. నేను పక్కనే నిలబడి, "ఆ పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసివ్వండి, మా బీరువాలో పెట్టుకుంటాం" అన్నాను. గొంతు పెంచలేదు, మామూలుగానే అడిగాను. అతను తల కూడా ఎత్తలేదు. "ఇవన్నీ మీకెందుకు మేడమ్? సార్ ఉంటే పిలవండి, సార్‌తో మాట్లాడతాను" అన్నాడు. ఆ గదిలో మా స్టాఫ్ అంతా ఉన్నారు. చెక్కు మీద సంతకం నాది. కొటేషన్ మాట్లాడింది నేను. సర్వర్ ఏ గదిలో పెట్టాలో, కరెంటు పాయింటు ఎక్కడ కావాలో చూసుకున్నది నేను.

నేనే వాళ్ల యజమానికి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను, అందరూ విన్నారు. సర్వర్ మొత్తం మీద అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కావాలన్నాను. ఆయన ఏమాత్రం తొణక్కుండా, "సిస్టమ్ మీదమ్మా, కాన్ఫిగరేషన్ మాది. పాస్‌వర్డ్ ఇవ్వడం మా పాలసీలో లేదు. ఏఎంసీ రెన్యూ చేయండి, మావాడు చూస్తాడు. అసలు విండోస్ 11కి ఈ సర్వర్ పనికిరాదు, కొత్తది తీసుకోవాలి, కొటేషన్ పంపిస్తాను" అన్నారు. ఏడాది తిరగ్గానే పనికిరాకుండా పోయే సర్వర్ ఎందుకు అమ్మారని అడిగితే ఫోన్ పెట్టేశారు. ఇంజనీరు లేచి, బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. మా ఫైళ్లన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి, పెట్టె మా గదిలోనే ఉంది, తెరిచే హక్కు మాత్రం మాకు లేదట. మేస్త్రీ ఇల్లు కట్టి తాళంచెవి తన జేబులో వేసుకుని పోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. కోట్ల రూపాయల లెక్కలున్న క్లయింట్ల కాగితాలవి. వాటి పాస్‌వర్డ్ బయట ఎవరి జేబులోనో ఉండటమేంటి?

మా అక్క కొడుకు బెంగళూరులో సిస్టమ్ అడ్మిన్. శనివారం రాత్రి బస్సెక్కి వచ్చాడు. మెషీన్ మనదే, డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ లేదు కాబట్టి, బూట్ అయ్యేటప్పుడు మధ్యలో ఆపి రూట్ పాస్‌వర్డ్ మార్చాడు. లోపలికి వెళ్లి టెస్ట్‌పార్మ్ అనే కమాండ్ కొట్టాడు. మా సర్వర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్. దాన్ని విండోస్ సర్వర్‌లా పనిచేయించే సాఫ్ట్‌వేర్ పేరు సాంబా. ఆ సాంబా సెట్టింగులన్నీ సరిచూసి చూపించే కమాండ్ అది. అందులో సర్వర్ రోల్ అని ఒక లైను వస్తుంది. "పిన్నీ, ఇదిగో చూడు" అని నన్ను పిలిచి చూపించాడు. అక్కడ 'రోల్ డొమైన్ పీడీసీ' అని ఉంది. నిజంగా యాక్టివ్ డైరెక్టరీ అయితే 'రోల్ యాక్టివ్ డైరెక్టరీ డీసీ' అని ఉండాలి. పీడీసీ అంటే ప్రైమరీ డొమైన్ కంట్రోలర్, విండోస్ ఎన్‌టీ 4 కాలం నాటి పద్ధతి. యాక్టివ్ డైరెక్టరీ వచ్చిందే విండోస్ 2000తో. అంటే అంతకు ముందు తరం సరుకుని మాకు కొత్త పేరుతో అమ్మారు.

తర్వాత సాంబా సెట్టింగులు రాసి ఉండే ఎస్ఎంబీ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిచాడు. డొమైన్ లాగాన్స్ ఎస్, ఓఎస్ లెవెల్ 65, నెట్‌లాగాన్ అని ఒక షేర్, అన్నీ ఆ పాత పద్ధతి డొమైన్ కోసం రాసే లైన్లే. వాటి కిందనే 'సర్వర్ మ్యాక్స్ ప్రోటోకాల్ ఎన్‌టీ1'. ఆ లైనే మా కొత్త సిస్టమ్స్‌ని బయట నిలబెట్టింది. ఎన్‌టీ1 అంటే ఎస్ఎంబీ1. అంతకన్నా కొత్త ప్రోటోకాల్ ఏదీ మాట్లాడొద్దని సర్వర్‌కి చెప్పి పెట్టారు. విండోస్ 11లో ఎస్ఎంబీ1 మామూలుగా ఉండనే ఉండదు. ఇంకేం మాట్లాడుకుంటాయి అవి రెండూ? పాత విండోస్ 10 సిస్టమ్స్ ఎలా పనిచేశాయంటే, ఒక్కోదాంట్లో విండోస్ ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్ఎంబీ 1.0కి టిక్ పెట్టారు, విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో డొమైన్ కంపాటిబిలిటీ మోడ్ అనే వాల్యూ ఒకటి, డీఎన్ఎస్ (పేరుని బట్టి సిస్టమ్ అడ్రస్ చెప్పేది) అవసరం లేదని చెప్పే వాల్యూ ఒకటి చేర్చారు. ఇవేవీ మాకు చెప్పలేదు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి, గుర్తుందా? అది విండోస్ ఎస్ఎంబీ1లోని లోపం గుండానే ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి పాకింది. ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ దాన్ని కొత్త విండోస్‌లలోంచి తీసేస్తూ వచ్చింది. సాంబా వాళ్లు కూడా 2019లో 4.11 నుంచి దాన్ని ఆపేసి ఇస్తున్నారు. అంతా మూసేసిన దారిని 2024లో మా ఆఫీసులో ప్రతి సిస్టమ్‌లోనూ వీళ్లు చేతులారా తెరిచి పెట్టారు.

సాంబాని నేను తప్పుపట్టడం లేదు. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆయన 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలో చదువుకుంటూ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. 2012 డిసెంబరులో వచ్చిన 4.0 నుంచి నిజమైన యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా పనిచేస్తుంది. విండోస్ సర్వర్ కొనకుండానే గ్రూప్ పాలసీలు, అంటే అన్ని సిస్టమ్స్‌కీ ఒకచోట నుంచే వర్తించే రూల్స్, పెట్టుకోవచ్చు. పాత ఎన్‌టీ4 పద్ధతిని వాళ్లే 2020లో 4.13తో వదిలించుకోవాల్సిన వాటి జాబితాలో వేశారు. మరి వీళ్లు పాతదే ఎందుకు పెట్టారంటే, మా సర్వర్‌లో ఉన్నది సెంటోస్ 7 అనే లినక్స్. దానికి 2024 జూన్ 30తోనే సపోర్టు అయిపోయింది. పైగా సెంటోస్‌తో వచ్చే సాంబా ప్యాకేజీలో యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్ భాగమే ఉండదు. డెబియన్, ఉబుంటు లాంటి వేరే లినక్స్‌లో పెట్టాలి. ఎవరికో ఎప్పుడో చేసిన కాన్ఫ్ ఫైలు తెచ్చి మా మెషీన్‌లో దించేశారు. ఆ ఫైలులో ఒక కామెంటు లైనులో వేరే ఎవరిదో ఆఫీసు పేరు అలాగే ఉంది.

ఇక లైసెన్సు. సాంబా జీపీఎల్ (ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు అనే షరతులు) కింద వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్. దానికి డబ్బిచ్చి కొనాల్సిన సర్వర్ లైసెన్సు లేదు, యూజర్ లైసెన్సులు లేవు. పెట్టిచ్చినందుకు, వచ్చి చూసినందుకు ఎంతైనా తీసుకోండి, అది కష్టార్జితం, సంతోషంగా ఇస్తాం. కానీ లేని లైసెన్సుకి బిల్లు వేసి, దానికి జీఎస్టీ కూడా కట్టించుకోవడాన్ని మోసం అనే అంటారు. ఆడిటర్ ఆఫీసుకి వచ్చి ఆ పని చేశారు.

పొద్దున్న లాగిన్ సంగతి చెప్తానన్నాను. ఈ పాత పద్ధతిలో లాగాన్ పాత్ అనే సెట్టింగుని ఖాళీగా పెట్టకపోతే యూజర్ ప్రొఫైల్ (ఆ మనిషి డెస్క్‌టాప్, ఫైళ్లు, సెట్టింగులు) సర్వర్‌కి పోతుంది. అంటే డెస్క్‌టాప్ మీద ఉన్న ప్రతి పీడీఎఫ్‌నీ లాగిన్ అయినప్పుడూ లాగౌట్ అయినప్పుడూ సర్వర్‌తో సరిచూసుకుని, మారినవి దించాలి, ఎక్కించాలి. వీళ్లు ఆ లైను ముట్టుకోలేదు. సెక్యూరిటీ చెక్ అని మాకు చెప్పింది దీన్నే. ఆ ఒక్క లైను రాయనందుకు మా స్టాఫ్ అన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఖాళీగా కూర్చున్నారు.

బ్యాకప్ గురించి రాయాలంటేనే బాధగా ఉంది. రాత్రిపూట ఒక స్క్రిప్టు నడుస్తోంది, నిజమే. అది డేటాని అదే డిస్క్‌లో ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేస్తోంది. డిస్క్ పోతే రెండూ పోతాయి. అది చూశాక అన్నయ్య మాట్లాడలేదు, ఆదివారమే వెళ్లి బయటి డిస్క్ కొని తెచ్చాడు.

మావాడు డేటా అంతా ముందు దానిలోకి తీశాడు. తర్వాత ఇంకో మెషీన్‌లో డెబియన్ వేసి, సాంబా టూల్‌లో క్లాసిక్ అప్‌గ్రేడ్ అనే కమాండ్‌తో పాత డొమైన్‌ని యాక్టివ్ డైరెక్టరీగా మార్చాడు. యూజర్లు, పాస్‌వర్డ్‌లు, సిస్టమ్స్ అకౌంట్లు అన్నీ అలాగే వచ్చేశాయి. సిస్టమ్స్‌లో డీఎన్ఎస్‌ని కొత్త కంట్రోలర్ వైపు తిప్పాడు. విండోస్ 11వి చేరాయి. పాతవాటిలో ఎస్ఎంబీ1 టిక్కులు తీసేశాడు. ఫైళ్లు మాత్రం కంట్రోలర్‌లో పెట్టలేదు. రెండు పనులూ ఒకే మెషీన్‌లో వద్దని సాంబా వాళ్లే సలహా ఇస్తారట, అందుకే పాత పెట్టెని శుభ్రంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఫైల్ సర్వర్‌గా ఉంచాడు. పనికిరాదు, కొత్తది కొనండి అన్నారే, ఆ పెట్టె ఇప్పుడు నిక్షేపంగా పనిచేస్తోంది. కొందరి రిటర్నులు మాత్రం లేటయ్యాయి. ఆ లేట్ ఫీజు మేమే కట్టాం, క్లయింట్ల దగ్గర అడగలేదు.

లాయర్ నోటీసు పంపాం. జవాబు రాలేదు.

మీరు ఇప్పటికే వీళ్ల దగ్గర కొని ఉంటే, రేపే టెస్ట్‌పార్మ్ కొట్టించి సర్వర్ రోల్ ఏముందో చూడండి. రూట్ పాస్‌వర్డ్, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ రెండూ రాతపూర్వకంగా తీసుకోండి. మిగతా పేమెంటు వాటి తర్వాతే. కొత్తగా కొనేవాళ్లు బిల్లులో ఏ సాఫ్ట్‌వేరో, ఏ వెర్షనో పేరుతో సహా రాయించండి. బ్యాకప్ ఏ డిస్క్‌లోకి పోతోందో మీ కళ్లతో చూడండి. ఇంకొకటి, సిస్టమ్స్ కొనేటప్పుడు విండోస్ హోమ్ తీసుకోకండి, అది ఏ డొమైన్‌లోనూ చేరదు, ప్రో ఉండాలి. ఇదే పార్టీ హోమ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు కూడా డొమైన్ కోసమని అమ్ముతోందని మా పక్క ఆఫీసువాళ్లు నిన్ననే చెప్పారు.