న్యూమాకల్ట్-ఏఎల్ఐ మీడియం: శ్వాసనాళానికి సరే, ఊపిరితిత్తుల మచ్చలకు కాదు

సీఓపీడీ (ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక జబ్బు), ఆస్తమా, సిస్టిక్ ఫైబ్రోసిస్‌ (మ్యూకస్ చిక్కబడే జన్యు జబ్బు)లలో శ్వాసనాళపు లోపలి పొర ఎలా చెడుతుందో చూడాలంటే, మీడియంలో (కణాలకు పోషణనిచ్చే ద్రవంలో) మునిగి పెరిగిన కణాలు చాలవు. కణాలకు పైన గాలి తగలాలి, కింది నుంచి పోషణ అందాలి; దీన్నే ఏఎల్ఐ (ఎయిర్-లిక్విడ్ ఇంటర్‌ఫేస్) అంటారు. ఇందుకు స్టెమ్‌సెల్ టెక్నాలజీస్ వారి న్యూమాకల్ట్-ఏఎల్ఐ మీడియం, కార్నింగ్ ట్రాన్స్‌వెల్ ఇన్సర్ట్ (అడుగున రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నె; 6.5 మి.మీ., 0.4 మైక్రాన్ రంధ్రాలు) జోడీ నమ్మదగింది.

ఈ మీడియంలో సీరం గానీ, ఆవు పిట్యూటరీ సారం గానీ ఉండవు. హెపారిన్, హైడ్రోకార్టిసోన్ మాత్రం విడిగా కొనాలి. సప్లిమెంట్ మైనస్ 20 డిగ్రీల్లో ఉండాలి. పార్సెల్ శుక్రవారం సాయంత్రం దిగకుండా చూసుకోండి.

ఇన్సర్ట్‌కి సుమారు 33,000 శ్వాసనాళపు పొర కణాలు వేసి, పైన 200, కింద 500 మైక్రోలీటర్ల న్యూమాకల్ట్-ఎక్స్ ప్లస్ మీడియం (కణాల సంఖ్య పెంచేది) పోయాలి. రెండు నుంచి నాలుగు రోజుల్లో పొర నిండుతుంది. అప్పుడు పైన ఉన్న మీడియం పూర్తిగా తీసేసి (ఇదే ఎయిర్‌లిఫ్ట్), కింద ఏఎల్ఐ మీడియం ఇవ్వాలి. రెండు రోజులకోసారి మారుస్తూ పోతే నాలుగు వారాలకు సిలియా (కణాల మీది సన్నని వెంట్రుకల్లాంటివి) కొట్టుకుంటూ కనిపిస్తాయి.

తొందరపడి ఎయిర్‌లిఫ్ట్ చేస్తే ఖాళీల గుండా మీడియం పైకి ఊరుతుంది. జిగట లేని నీళ్లు పైన పదేపదే చేరితే అది లీకే, మ్యూకస్ కాదు. ఇన్సర్ట్ కింద బుడగ చిక్కితే ఆ చోట కణాలు పస్తుంటాయి, ఏటవాలుగా దించండి. మ్యూకస్ మొదలయ్యాక వారానికోసారి గోరువెచ్చని పీబీఎస్‌ (ఉప్పు ద్రావణం)తో కడగకపోతే మందు కణాలదాకా చేరదు. బాగా పాసేజ్ అయిన (పదేపదే కొత్త గిన్నెలోకి మార్చి పెంచిన) కణాలు సిలియా సరిగా ఇవ్వవు, ఆ తప్పు మీడియం మీదకు నెట్టకండి.

టీర్ (కణాల పొర ఎంత బిగువుగా ఉందో చెప్పే విద్యుత్ నిరోధం) కొలతలో ఖాళీ ఇన్సర్ట్ విలువ తీసేసి, ఇన్సర్ట్ వైశాల్యమైన 0.33తో గుణించాలి. మీటర్ 1,300 ఓమ్‌లు, ఖాళీది 100 అయితే 396 ఓమ్-చదరపు సెంటీమీటర్లు. ప్లేటు చల్లబడితే అంకె ఊరికే పెరుగుతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కొలవండి.

చాలామంది పట్టించుకోనిది హైడ్రోకార్టిసోన్. అది స్టెరాయిడ్, వాపును అణచేస్తుంది. సిగరెట్ పొగ సారానికి ఐఎల్-8 (వాపును సూచించే ప్రోటీన్) ఎంత పెరుగుతుందో చూసే ప్రయోగంలో దాన్ని ముందురోజే ఆపకపోతే ఫలితం చప్పగా వస్తుంది. కంట్రోల్‌కీ అలాగే ఆపాలి. ఐఎల్-13 (ఆస్తమాలో పెరిగే ప్రోటీన్)తో గాబ్లెట్ కణాలు (మ్యూకస్ స్రవించేవి) పెంచే ఆస్తమా ప్రయోగానికి మాత్రం ఈ జోడీ ఎంతో బాగుంటుంది.

ఇందులో ఫైబ్రోబ్లాస్టులు (మచ్చ కణజాలం అల్లే కణాలు), రోగనిరోధక కణాలు, రక్తనాళాలు లేవు. ఎంఫిసీమాలో గాలి తిత్తులు చిరగడం గానీ, ఐపీఎఫ్ (కారణం తెలియని ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్) మచ్చలు గానీ ఇక్కడ కనపడవు. వాటికి ఊపిరితిత్తి ముక్కలు గానీ, బ్లియోమైసిన్ (ఊపిరితిత్తిలో మచ్చ పుట్టించే మందు) ఇచ్చిన ఎలుకలు గానీ దారి. ఒక్క డోసు ఇచ్చిన చిన్న వయసు ఎలుకల్లో మచ్చ కొన్ని వారాలకు తనంతట తగ్గిపోతుంది, పరీక్షిస్తున్న మందు గొప్పదనమని పొరబడే ప్రమాదముంది.

బడ్జెట్ తక్కువైతే ఇన్సర్ట్‌లు తగ్గించండి, డోనర్లను (కణాలు ఇచ్చిన మనుషులను) కాదు. ఒకే డోనర్ నుంచి 24 ఇన్సర్ట్‌లు చేసినా లెక్కకు ఒక మనిషే.