చెరువు గట్టు కాపలాకి ఏ పేక నయం?

మాది పశ్చిమ గోదావరిలో కాళ్ల మండలం, వనామి రొయ్యల సాగు. రాత్రి పది దాటాక మకాంలో, అంటే గట్టు మీది కాపలా పాకలో, మిగిలేది నలుగురం. నేను, మా బాబాయి, జనరేటరు చూసుకునే కుర్రాడు, ఒడిశా నుంచి పనికొచ్చిన ఇంకో కుర్రాడు. పొద్దు గూకిన దగ్గర్నుంచీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుగంటుతుంది. మనిషికి కళ్లు మూతలు పడేదీ సరిగ్గా అప్పుడే. ఆ టైములో కరెంటు పోయి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిన సంగతి ఎవరూ చూసుకోకపోతే రొయ్య తేలిపోతుంది. మెలకువగా ఉండటానికి టీ ఒక్కటే చాలదు, సెల్లు చూస్తూ కూర్చున్నా మాకు నిద్ర ముంచుకొస్తుంది. మాకు పనిచేసేది పేకే.

అయితే డబ్బులు పెట్టి ఆడే రమ్మీ మా మకాంలో బందు. బాబాయికి ఇది నచ్చదు. "1968లో సుప్రీంకోర్టే చెప్పింది కదరా, పదమూడు ముక్కల రమ్మీ నేర్పుతో ఆడే ఆట అని. ఆ కేసు వెళ్లింది కూడా మన ఆంధ్రా నుంచే" అంటాడు. అందులో తప్పేం లేదు. కానీ ఇంటికి పంపాల్సిన జీతం పేకలో పోగొట్టుకున్న కుర్రాడికి ఆ తీర్పు చదివి వినిపించలేం కదా. పైగా డబ్బులున్నాయంటే చేతిలో మంచి ముక్కలు పెట్టుకుని ఎవడూ మధ్యలో లేవడు. ఏరియేటరు ఆగినా లేవనివ్వని ఆట మాకెందుకు?

అంచేత నేను చూసేవి ఇవే. ఆటని సగంలో వదిలేసి పరిగెత్తి, తిరిగొచ్చి మళ్లీ అందుకోగలగాలి. పురుగులు ముసిరిన ఒక్క బల్బు వెలుతుర్లో ముక్క పోల్చుకోగలగాలి. ఇంగ్లీషు రానివాడు కూడా గెలవగలగాలి. ఇవి పెట్టుకుని మేం ఆడిన వాటి సంగతి రాస్తున్నాను.

ముందు ఊనో. దీని గురించి తెలియనివాళ్లు తక్కువే. 108 ముక్కలు, కొత్త కట్టల్లో ఇంకో నాలుగు ఎక్కువ వస్తున్నాయి. మనిషికి ఏడు ముక్కలు పంచుతారు. రంగుకి రంగో, అంకెకి అంకో వేసుకుంటూ చెయ్యి ఖాళీ చేసుకోవాలి. చదవాల్సిందేమీ లేదు కాబట్టి ఒడిశా కుర్రాడు పక్కన కూర్చుని ఒక ఆట చూశాడు, రెండో ఆటకి మా అందరి చేతా ముక్కలు లాగించాడు. మా దగ్గర పేచీ అంతా పక్కవాడి చేత రెండు తీయించే ప్లస్ టూ ముక్క మీదే. దాని మీద ఇంకో ప్లస్ టూ వేసి బరువు పక్కవాడి మీదకి తోసెయ్యడం మన ఇళ్లల్లో మామూలే గానీ, కంపెనీ రూలు ప్రకారం అది చెల్లదు. పడినవాడు రెండు తీసుకుని వంతు వదులుకోవాల్సిందే. ఈ రూలు పట్టుకుంటే ఆట చకచకా తెములుతుంది, లేదంటే సాగుతూనే ఉంటుంది. నాలుగు తీయించే ప్లస్ ఫోర్‌కి ఇంకో రూలుంది. బల్ల మీద నడుస్తున్న రంగు చేతిలో లేనప్పుడే అది వెయ్యాలి. అబద్ధంగా వేశాడనిపిస్తే పడినవాడు నిలదీయొచ్చు. దొరికితే వేసినవాడే నాలుగు తీసుకోవాలి, దొరక్కపోతే నిలదీసినవాడికి ఆరు. బాబాయి మొహంలో ఏదీ కనపడదు, ఆయన్ని నిలదీసి ఆరు తీసుకోవడం నాకు అలవాటైపోయింది.

దీంతో ఇబ్బంది వెలుతురు దగ్గర వచ్చింది. బజార్లో చవగ్గా దొరికిందని జనరేటరు కుర్రాడు ఒక డూప్లికేట్ కట్ట తెచ్చాడు. మా బల్బు కింద నీలం ఏదో పచ్చ ఏదో తేలదు. వెనక వైపు అచ్చు కూడా ఒక్కో ముక్కకి ఒక్కోలా ఉంది, రెండు మూడు ఆటలయ్యేసరికి ప్లస్ ఫోర్ ఎవరి దగ్గరుందో వెనక నుంచే చెప్పేస్తున్నారు. అసలుది నేను కొన్నప్పుడు రెండొందల లోపే. అక్కడ పిసినారితనం వద్దండి.

అసలు ఊనో కొనకపోయినా గడుస్తుంది. 1971లో అమెరికాలోని ఒహాయోలో మెర్ల్ రాబిన్స్ అనే మంగలి దీన్ని తయారుచేశాడు. అంతకుముందే మామూలు పేకతో ఆడే క్రేజీ ఎయిట్స్‌ దీనికి మూలం. రంగుల బదులు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. ఎనిమిది వేసినవాడు ఏ జాతి కావాలంటే అది అడగొచ్చు. మసక వెలుతుర్లో రంగు మోసం చేసినా గుర్తు మోసం చెయ్యదు కదా, మేం దీన్నే ఎక్కువ ఆడతాం. కట్ట మాత్రం ప్లాస్టిక్‌ది తీసుకోండి. చెరువు గాలికి అట్టముక్కలు ఉబ్బి అప్పడాల్లా అయిపోతాయి. ప్లాస్టిక్‌వైతే మేత చేతులతో పట్టుకున్నా కడిగి తుడిచేసుకోవచ్చు. జారతాయి, గాలికి లేస్తాయి, ఆ మాట నిజమే. అందుకే ఒక్కో మనిషి దగ్గరా ఒక గులకరాయి ఉంటుంది.

ఇక అందరికన్నా బాబాయిని పట్టుకున్న ఆట మోనోపలీ డీల్. బోర్డు, పాచికలు ఉండే పెద్ద మోనోపలీ కాదు, ఉత్త ముక్కలే. కట్టలో 110, ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడొచ్చు. వంతు రాగానే రెండు ముక్కలు తియ్యాలి, మూడు దాకా వెయ్యొచ్చు, వంతు అయ్యేసరికి చేతిలో ఏడుకి మించి ఉండకూడదు. వేరే వేరే రంగుల్లో మూడు పూర్తి ఆస్తి సెట్లు ముందు పేర్చినవాడిదే గెలుపు. అద్దె అడగొచ్చు, పుట్టినరోజని చెప్పి అందరి దగ్గరా రెండేసి వసూలు చెయ్యొచ్చు. బాకీ తీర్చేది బల్ల మీద ఉన్నవాటితోనే, చేతిలో ముక్కలు ఎవరూ ముట్టుకోరు. చిల్లర మాత్రం ఇవ్వరు. రెండు కట్టాల్సినవాడి దగ్గర అయిదు కాగితం తప్ప ఇంకేం లేకపోతే అయిదూ పోయినట్టే. బాబాయి జీవితంలో భూములు కొని అమ్మిన మనిషి, ఈ చిల్లర రూలు దగ్గర పడీ పడీ నవ్వాడు.

మొన్న ముసురు పట్టిన రాత్రి ఆయనకి రెండు సెట్లు పూర్తయి మూడోదానికి ఒక్క ముక్క తక్కువైంది. జనరేటరు కుర్రాడు డీల్ బ్రేకర్ వేశాడు. దాంతో అవతలివాడి పూర్తి సెట్టునే లాక్కోవచ్చు.

"అదేం కుదరదురా" అని బాబాయి జస్ట్ సే నో ముక్క తీసి దాని మీద కొట్టాడు.

"ఆయ్, నా దగ్గరా ఉందండి అయ్యగారూ" అని వాడు ఇంకో జస్ట్ సే నో పెట్టాడు. కాదన్నదాన్ని మళ్లీ కాదనొచ్చు, రూల్లోనే ఉంది. సెట్టు అటు వెళ్లిపోయింది. బాబాయి వాణ్ణి మెచ్చుకోలుగా చూసి, "నీకు రేపట్నుంచి టీ లేదు" అన్నాడు. ఈలోగా కరెంటు పోయింది. నలుగురం లేచాం. జనరేటరు అందుకుని ఏరియేటర్లన్నీ తిరగడం మొదలెట్టాక తిరిగొచ్చి చూస్తే ఆట ఎక్కడిదక్కడే ఉంది. ఆస్తులన్నీ బల్ల మీద బాహాటంగా పరిచి ఉంటాయి, చేతి ముక్కలు రాయి కింద ఉంటాయి. ఎవరి వంతో మర్చిపోకుండా వాడి ముందు అగ్గిపెట్టె పెట్టి వెళతాం. మా పనికి ఇంతకన్నా కుదిరిన ఆట దొరకలేదు. ఉన్న లోటు ఇంగ్లీషే. ముక్కల మీద రాతంతా అదే. ఒడిశా కుర్రాడి కోసం నేను స్కెచ్‌పెన్నుతో గుర్తులు వేశాను: దొంగతనానికి చెయ్యి, అద్దెకి ఇల్లు, కాదనడానికి అడ్డగీత. ఇప్పుడు వాడు అడక్కుండానే ఆడేస్తున్నాడు. ధర ఊనోకి దగ్గర దగ్గర రెట్టింపు పడింది, దిగులు పడాల్సినంత కాదు.

ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ అని ఒకటి హైదరాబాద్ నుంచి మా తమ్ముడు తెచ్చాడు. పిల్లి బాంబు ముక్క తీసినవాడి దగ్గర దాన్ని ఆపే ముక్క లేకపోతే ఆటలోంచి అవుటు. నలుగురు ఆడితే బాంబులు మూడు, చివరికి ఒక్కడే మిగులుతాడు. మాకిందులో ఒక సదుపాయం కనిపించింది. అవుటైనవాడు టార్చి పట్టుకుని గట్టంతా ఒక చుట్టు తిరిగి రావాలని పెట్టాం. రెండుసార్లు వరసగా తనే తిరగాల్సి వచ్చేసరికి బాబాయి దాన్ని పెట్టెలో పెట్టించేశాడు. ఖరీదూ ఎక్కువే, చదువూ ఎక్కువే. కాలేజీ పిల్లలున్న ఇంటికైతే బాగుంటుంది.

సంక్రాంతి మూడు రోజులూ ఇవేవీ అక్కరకి రావు, అందరి చూపూ కోళ్ల బరి మీదే ఉంటుంది. ఆ రాత్రులు నేనొక్కణ్ణే కాపలా.

మీ మకాంలో ఇద్దరే ఉంటే డీల్ కొనకండి. దోచుకోవడానికి ఎదుటివాడు ఒక్కడే అయితే అది కక్షలా తయారవుతుంది. ఊనోలో కూడా ఇద్దరే అయితే వంతు వెనక్కి తిప్పే రివర్స్ ముక్క ఉత్త స్కిప్పే, అంటే ఎదుటివాడి వంతు దాటెయ్యడమే. ఇద్దరికైతే మామూలు పేకే నయం, ఎనిమిదులాట ఆడుకోండి. ముగ్గురు నలుగురుంటే డీల్ తెచ్చుకోండి, స్కెచ్‌పెన్ను కూడా.