బైడై ఎస్‌ఎఫ్‌పీలు: ఒక్క కోర్ మీద చాలాకాలం నడిపాక

రెండు బిల్డింగుల మధ్య ఫైబర్ కేబుల్‌లో నాకు మిగిలింది ఒక్క కోరే, అంటే కాంతి నడిచే ఒక్క గాజు పోగే. అందుకే పంపడానికొకటి, అందుకోవడానికొకటి చొప్పున రెండు కోర్‌లు వాడే డ్యూప్లెక్స్ వదిలి, ఒకే కోర్ మీద రెండు దిక్కులా నడిచే సింప్లెక్స్‌కి, అంటే బైడై ఎస్‌ఎఫ్‌పీలకి (స్విచ్‌లో గుచ్చే చిన్న ఆప్టికల్ మాడ్యూళ్లు) వచ్చాను. వచ్చాక దీన్ని వదలబుద్ధి కాలేదు. కారణం ఒక్కటే, తిరగేసే పని లేదు. డ్యూప్లెక్స్‌లో కేబుళ్లు కలిపే ప్యాచ్ ప్యానెల్ దగ్గర ఎవరు చెయ్యి పెట్టినా టీఎక్స్‌కి (పంపే కొనకి) టీఎక్స్ ఎదురుపడి లింక్ పోయేది. క్లిప్ ఊడదీసి రెండు కొనలూ మార్చి పెట్టేదాకా టెన్షనే. ఇక్కడ ఆ గొడవే లేదు.

ఒకసారి మాత్రం లింక్ పడుతూ లేస్తూ సతాయించింది. ముందు మాడ్యూల్ మీదే అనుమానం. రెండు స్విచ్‌లలోనూ ఆప్టికల్ పవర్ చూశాను. పంపే పవర్ రెండు చోట్లా బాగానే ఉంది. అందుకునే పవర్ ఒక చివర ఎప్పటిలాగే ఉంది, రెండో చివర బాగా పడిపోయింది. కోర్ అదే, కనెక్టర్లూ అవే! తేడా అల్లా కాంతి వేవ్‌లెంత్‌లోనే: ఒక దిక్కుకి 1310 నానోమీటర్లు, ఎదురు దిక్కుకి 1490. ఫైబర్ గట్టిగా వంగితే పొడవైన వేవ్‌లెంతే ఎక్కువగా బయటికి కారిపోతుంది. తగ్గింది సరిగ్గా 1490 వైపే. అంటే ఎక్కడో వంపు ఉండాలి. వెతికితే ర్యాక్ వెనక కేబుల్ టై కింద ప్యాచ్‌కార్డ్ (స్విచ్‌కి కలిపే పొట్టి ఫైబర్ తీగ) నలిగి ఉంది. టై కోసి వదులుగా చుట్టగానే రీడింగ్ మామూలుకొచ్చింది. రెండు దిక్కులూ 1310 మీదే, వేర్వేరు కోర్‌లలో నడిచే డ్యూప్లెక్స్‌లో ఈ పోలిక దొరికేది కాదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

తిరగేసే పని లేదన్నాను గానీ, జత చూసుకునే పని ఉంది. రెండు చివర్లా ఒకే రకం పెడితే లింక్ రాదు, స్పేర్‌లో రెండు రకాలూ ఉంచుకోవాలి. 1490 బదులు 1550 వాడే మాడ్యూళ్లూ ఉన్నాయి, చూడటానికి ఇలాగే ఉంటాయి. లేబుల్ చదివితేనే తెలుస్తుంది. పైగా డ్యూప్లెక్స్ మాడ్యూల్‌ని చిన్న ప్యాచ్‌కార్డ్‌తో దానికదే కలిపి పరీక్షించొచ్చు. బైడై మాడ్యూల్ తను పంపే వేవ్‌లెంత్‌ని తను అందుకోదు, కాబట్టి ప్రతిసారీ జతది తెచ్చి చూడాల్సిందే. అర్ధరాత్రి లింక్ పోతే ఇది నిజంగా ఇబ్బంది.

నాది 1జీ (సెకనుకి ఒక గిగాబిట్) లింక్, దూరం కిలోమీటరు లోపే, ఇంకో కోర్ వేసే వీలు లేదు. నాకు ఇది సరిపోయింది. ఒకే గదిలో స్విచ్‌లు కలుపుకునేవాళ్లకి, కోర్‌లు ఖాళీగా ఉన్నవాళ్లకి డ్యూప్లెక్సే మేలనిపిస్తుంది. కోర్ కొరత ఉండి కొంటే మాత్రం, ఇంకో జత స్పేర్‌గా అప్పుడే తీసుకోండి.