సెక్యులర్ హోమ్‌స్కూల్ పాఠ్యప్రణాళిక: బిల్డ్ యువర్ లైబ్రరీ ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ సరిపోదు

అమెరికాలో హోమ్‌స్కూల్ (పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పడం) పాఠాలు అమ్మే సంస్థల్లో చాలావాటికి క్రైస్తవ మూలాలున్నాయి. పాఠ్యపుస్తకం బదులు కథలు, నవలలు, జీవిత చరిత్రలతో చదువు చెప్పే పద్ధతిలో బాగా పేరున్న సోన్‌లైట్ కూడా ఆ కోవలోదే. మతబోధ వద్దు, పుస్తకాలే కావాలి అనుకునే తెలుగు తల్లిదండ్రులకు ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: బుక్‌షార్క్, బిల్డ్ యువర్ లైబ్రరీ. మా ఓటు రెండోదానికే. కొన్ని షరతులున్నాయి.

పాఠ్యప్రణాళిక మీద రాసున్న ‘సెక్యులర్’ (మతంతో సంబంధం లేనిది) అనే మాటను నమ్మి కొనకండి. ఉచిత నమూనా వారాల పాఠాలు తెరిచి రెండు విషయాలే చూడండి. జీవ పరిణామం, భూమి వయసు సూటిగా చెబుతున్నారా? మతగ్రంథాల కథల్ని నమ్మకాలుగా చెబుతున్నారా, జరిగిన చరిత్రగానా? బుక్‌షార్క్ సోన్‌లైట్ కుటుంబంలోంచే వచ్చింది, తనను తాను మత తటస్థమని చెప్పుకుంటుంది. తటస్థం వేరు, సెక్యులర్ వేరు. వివాదం రాకుండా పక్కన పెట్టిన విషయాన్ని పిల్లలకు మీరే చెప్పుకోవాలి. అయితే పుస్తకాలన్నీ పెట్టెలో ఇంటికొస్తాయి, వారానికి నాలుగు రోజుల పాఠాలే. లైబ్రరీ చుట్టూ తిరిగే తీరిక లేనివాళ్లకు ఆ సౌకర్యం నిజంగా విలువైనదే. ఖర్చు మాత్రం వందల డాలర్లలో ఉంటుంది.

బిల్డ్ యువర్ లైబ్రరీలో మీరు కొనేది 36 వారాల ప్రణాళిక ఉన్న పీడీఎఫ్. ఏ రోజు ఏ పుస్తకంలో ఎంత చదవాలి, ఏ ప్రశ్నలు అడగాలి, చూచిరాతకు ఏ వాక్యాలు ఇవ్వాలి అన్నీ అందులో ఉంటాయి. పుస్తకాలు ఉండవు, లెక్కలూ ఉండవు. అక్షరాలు కూడబలుక్కునే దశలో ఉన్న పిల్లలకు ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు కలిపి చదవడం) విడిగా నేర్పాల్సిందే. చాలామంది ఇది గమనించక, ‘భాష కూడా ఉందిగా’ అనుకుని ఏడాది సగంలో ఇబ్బంది పడతారు.

ఒకటి నుంచి నాలుగు లెవెళ్లలో (తరగతుల్లాంటి మెట్లు) ప్రపంచ చరిత్ర ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం దాకా వరసగా నడుస్తుంది. దానికి వెన్నెముక, పిల్లల కోసం కథలా రాసిన ప్రపంచ చరిత్ర ద స్టోరీ ఆఫ్ ద వరల్డ్ నాలుగు సంపుటాలు. షరతుల్లో మొదటిది ఇక్కడే. మొదటి సంపుటిలో అబ్రహాం, యోసేపు కథలు ఈజిప్టు, మెసొపొటేమియా చరిత్ర మధ్యలో అదే స్వరంతో వస్తాయి. వాటిని తీసేయనక్కర్లేదు. చదివే ముందే ‘ఇది యూదుల గ్రంథంలో కథ, తవ్వకాల్లో దొరికిన ఆధారం కాదు’ అని చెప్పండి. రామాయణం చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి పాటిస్తే పిల్లలకు తేడా తొందరగా అర్థమవుతుంది. శాతవాహనులు, అమరావతి స్తూపం మాత్రం మీరే చేర్చుకోవాలి.

లెవెల్‌ని వయసు చూసి ఎంచుకోకండి. మీరు బిగ్గరగా చదివితే పిల్లలు ఆసక్తిగా వినగల పుస్తకాలు ఏ లెవెల్లో ఉన్నాయో అదే మీ లెవెల్. పిల్లలు సొంతంగా చదివే పుస్తకాలు ఒక మెట్టు కిందివి ఉన్నా, లెక్కలు ఒక మెట్టు పైవి ఉన్నా తప్పు లేదు. ఇద్దరు పిల్లలుంటే చరిత్ర, చదివి వినిపించే పుస్తకాలు కలిపి, మిగతావి విడివిడిగా నడపండి.

పుస్తకాల జాబితాను మొదలుపెట్టక ముందే స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, పక్కన వారం నంబరు వేయండి. ఏడాదంతా వాడేవి కొనండి. ఒకటి రెండు వారాలే కావలసినవి లైబ్రరీలో మూడు వారాల ముందే హోల్డ్ పెట్టండి (మీ పేరున ఆపి ఉంచమనండి). ఇంకెవరైనా హోల్డ్ పెడితే రెన్యూ కాదు, కాబట్టి పెద్ద నవలల్ని లైబ్రరీ మీద వదిలేయకండి. సైన్స్ బొమ్మల పుస్తకం దొరక్కపోతే అదే విషయం మీద మరొకటి తెచ్చుకుంటే చాలు.

నేరేషన్ అంటే విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పడం. రోజుకొకటి చాలు. ప్రతి పుస్తకానికీ చెప్పిస్తే పిల్లలకు చదవడమే విసుగొస్తుంది. ఇంగ్లీషు పుస్తకం విని తెలుగులో చెప్పినా ఒప్పుకోండి, చూడాల్సింది అర్థమైందా లేదా అనే. తెలుగు చదువుకి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచిత కథలు, సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ సంస్థ ప్రచురణలు చక్కగా సరిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు, శుక్రవారానికి మిగిలిన పాఠాల్ని వచ్చే వారం మీద వేయడం. మూడు వారాలకల్లా అది మోయలేనంత అవుతుంది. 36 వారాల్ని 36 పాఠాలనుకోండి, ఒక్కోటి తొమ్మిది పది రోజులు పట్టినా ఫర్వాలేదు. తగ్గించాల్సొస్తే ముందు చేతిపనులు తీసేయండి, చదివి వినిపించడం ఆపకండి.

మీ రాష్ట్రం నిబంధనలూ చూసుకోండి. టెక్సస్‌లో చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, పౌరసత్వం నేర్పాలి. ఇందులో లెక్కలు ఎలాగూ మీవే, స్పెల్లింగ్‌కి కూడా చిన్న పుస్తకం కలపండి. న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి తల్లిదండ్రులు అధికారులకు ఇచ్చే నివేదికకు ఈ వారాల పట్టిక బాగా అక్కరకొస్తుంది.

భారత్‌లో ఉంటూ ఇది కొనాలనుకుంటే తొందరపడొద్దు. ఆ పుస్తకాలు ఇక్కడి లైబ్రరీల్లో దొరకడం కష్టం, తెప్పించుకుంటే ఖర్చు పీడీఎఫ్ ధరకు ఎన్నో రెట్లు. 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ) పదో తరగతి రాయించాలనుకునేవాళ్లు దాని సిలబస్‌ని ముందునుంచీ విడిగా చెప్పుకోవాలి, ఈ ప్రణాళిక దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది కాదు.