ఆర్గానిక్ యాసిడ్లకి ఎల్17 కాలమ్: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

సిరప్‌లో సిట్రిక్ యాసిడ్, పెప్టైడ్‌లో మిగిలిన ఎసిటిక్ యాసిడ్, సాల్ట్‌గా వచ్చే మందుల్లో టార్ట్రేట్, సక్సినేట్... వీటన్నిటినీ హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలో కలిసున్నవాటిని కాలమ్ గుండా పంపి విడదీసి కొలిచే పద్ధతి) కొలవడానికి మేం ఏళ్లుగా వాడుతున్నది ఎల్17 కాలమే (ఎల్17 అనేది యూఎస్‌పీ, అంటే అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం, ఈ రకానికి ఇచ్చిన కోడ్), అంటే హైడ్రోజన్ ఫామ్‌లో ఉండే సల్ఫోనేటెడ్ పాలీస్టైరీన్ రెజిన్, 300 × 7.8 మి.మీ. సైజు. మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రవం) 5 మిల్లీమోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్, అంతే. ఫ్లో నిమిషానికి 0.6 ఎంఎల్, ఓవెన్ 60 డిగ్రీలు, యూవీ డిటెక్టర్ 210 నానోమీటర్లు. బఫర్ కలిపి పీహెచ్ సరిచేసే గొడవే లేదు, అదొక్కటి చాలు నాకు.

పీక్‌లు వచ్చే వరస కూడా దాదాపు పీకేఏ (యాసిడ్ బలం చెప్పే అంకె, తక్కువైతే బలమెక్కువ) ప్రకారమే, 3.13 ఉన్న సిట్రిక్ ముందు, 4.76 ఉన్న ఎసిటిక్ బాగా వెనక, కొన్నాళ్లు వాడితే క్రోమాటోగ్రామ్ చూడగానే ఏది ఏదో తెలిసిపోతుంది. ఫ్యుమారిక్ మాత్రం ఈ వరస పట్టించుకోదు, పోయి ఎసిటిక్ పక్కన కూర్చుంటుంది, ఓవెన్ టెంపరేచర్ అటూఇటూ మార్చి విడదీయాలి. పైగా దాని డబుల్ బాండ్ వల్ల 210 దగ్గర రెస్పాన్స్ విపరీతం, మాలిక్ యాసిడ్‌లో చిటికెడు ఫ్యుమారిక్ ఉన్నా పీక్ కొండంత కనిపిస్తుంది, కాబట్టి ఏరియా పర్సెంట్ (మొత్తం పీక్‌ల విస్తీర్ణంలో దాని వాటా) చూసి కంగారు పడొద్దు, ఏ యాసిడ్‌కి దాని స్టాండర్డే పెట్టాలి.

ఇక అసలు తలనొప్పి మందుతోనే. చాలా మందులు బేసిక్, ఈ రెజిన్ ఏమో క్యాటయాన్ ఎక్స్‌చేంజర్ (పాజిటివ్ అయాన్లని పట్టుకునేది), సాంపిల్ డైరెక్ట్‌గా కొడితే మందు పోయి రెజిన్‌కి అతుక్కుంటుంది, ఇంజెక్షన్లు పెరిగేకొద్దీ రిటెన్షన్ (పీక్ బయటికి రావడానికి పట్టే సమయం) మారుతూ పోతుంది, ప్రెషర్ ఎక్కుతుంది. ముందే ఎస్‌పీఈతో (సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్, సాంపిల్‌ని శుభ్రం చేసే పద్ధతి) మందుని తీసేసి, అసలు కాలమ్‌కి రక్షణగా ముందు చిన్న గార్డ్ కాలమ్ పెట్టాకే మాకు ప్రశాంతత. సోడియం లాంటివి పేరుకుంటే మాత్రం కాస్త గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్ నెమ్మదిగా పంపిస్తే కోలుకుంటుంది. సిరప్‌లో బెంజోయేట్ ఉంటే ఇంకో తంటా, బెంజోయిక్ యాసిడ్ రెజిన్‌ని పట్టుకుని ఎంతకీ రాదు, ఎప్పుడో తర్వాతి ఇంజెక్షన్లలో వెడల్పాటి గుట్టలా తేలుతుంది, రన్ టైమ్ పెంచక తప్పదు.

మెలియేట్ సాల్ట్‌కి ఈ కాలమ్ వద్దంటాను. మెలియిక్ మొదటి పీకేఏ 1.9, అంత స్ట్రాంగ్ యాసిడ్‌ని రెజిన్ లోపలికి పెద్దగా రానివ్వదు, వాయిడ్‌కి (కాలమ్ అసలు పట్టుకోనివి బయటికొచ్చే సమయం) దగ్గర్లోనే వచ్చేస్తుంది. దానికి సీ18 (18 కార్బన్ల గొలుసులు అతికించిన సిలికా కాలమ్) మేలు, కానీ మామూలు సీ18ని పూర్తి నీళ్ల మొబైల్ ఫేజ్‌తో నడిపి పంప్ ఆపారో, మళ్లీ ఆన్ చేసేసరికి రిటెన్షన్ మాయం. 50 శాతం మెథనాల్‌తో కడిగితే తిరిగొస్తుంది, రోజూ ఆ పని ఎవరు చేస్తారు, ఏక్యూ రకం (పూర్తి నీళ్లని తట్టుకునే సీ18) కొనుక్కోవడమే నయం. సిట్రేట్ ఒక్కటే కావాలంటే యూఎస్‌పీ 345 చాప్టర్‌లో ఉన్న అయాన్ క్రోమాటోగ్రఫీ చూడండి, కండక్టివిటీ డిటెక్టర్ కాబట్టి 210 దగ్గర యూవీలో అడ్డొచ్చేవాటి బెడద ఉండదు, ఫాస్ఫేట్‌కి కూడా అదే మెథడ్.

కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక మాట, రెజిన్ మెత్తనిది, ఓవెన్ వేడెక్కకుండా ఫుల్ ఫ్లో పెట్టొద్దు. బ్లాంక్‌లో ఫార్మిక్ దగ్గర పీక్ కనిపిస్తే కాలమ్‌ని తిట్టే ముందు లాగ్‌బుక్ తియ్యండి, అంతకుముందు ఆ సిస్టమ్ మీద ఎవరో ఫార్మిక్ యాసిడ్ మొబైల్ ఫేజ్ నడిపి సరిగ్గా కడక్కుండా వెళ్లుంటారు.